ఫొటోలు పోస్ట్ చెయ్యడానికి నెలకి ఒక్క ఆదివారం: బఫర్ ఫ్రీ ప్లాన్ ఏడాది వాడాక నా రివ్యూ

లకుముకి పిట్ట ఫొటో ఒకటి ఉంది నా దగ్గర, మూడు రోజులు వరసగా తెల్లారకముందే వెళ్ళి నీళ్ళ ఒడ్డున కదలకుండా కూర్చుంటే మూడోరోజు దొరికింది, నీళ్ళలోంచి పైకి లేస్తూ ముక్కున చేప కరుచుకుని. ఎడిట్ చెయ్యడానికి ఇరవై నిమిషాలు పట్టింది. దాన్ని ఇన్‌స్టాగ్రామ్, ట్విట్టర్ లాంటివే అయిన బ్లూస్కై, మాస్టడాన్, ఫొటోల సైట్ ఫ్లికర్ నాలుగింట్లోనూ పెట్టేసరికి గంట దాటింది. అంతా అయ్యాక పడుకోబోతూ చూస్కుంటే ఇన్‌స్టాలో తోక చివర తెగిపోయింది, మాస్టడాన్‌లో ఆల్ట్ టెక్స్ట్ (చూపు లేనివాళ్ళ కోసం రాసే ఫొటో వివరణ) పెట్టడం మర్చిపోయా, ఫ్లికర్‌లో టైటిల్ ఉండాల్సిన చోట కెమెరా ఇచ్చిన ఫైల్ నంబరే ఉంది. మూడు పొద్దులు కాచుకుని తీసిన ఫొటోని ఇలాగా జనానికి చూపించేది అని చాలా బాధేసింది. ఆ రాత్రే అనుకున్నా, ఈ పోస్టింగ్ పనిని ఒక పద్ధతిలో పెట్టాలి అని. ఇప్పటికి ఏడాది దాటింది.

ఈ రివ్యూ బఫర్ అనే షెడ్యూలింగ్ సర్వీస్ మీద (పోస్టులు ముందే వేసి పెడితే మనం చెప్పిన టైముకి అదే పంపుతుంది), అది కూడా ఫ్రీ ప్లాన్ మీదే. కానీ ముందే చెప్పేస్తున్నా, నాకు ఎక్కువ టైం మిగిల్చింది షెడ్యూలర్ కన్నా ముందు ఫొటో ఫైల్ దగ్గర చేసే పని, బఫర్ దాని మీద చివరి మెట్టు అంతే. రెండూ విడదీసి చెప్తే చదివినవాళ్ళకి ఉపయోగం ఉండదు కాబట్టి కలిపే రాస్తున్నా, పొడుగవుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

బఫర్‌కి ముందు ఇంకో షెడ్యూలింగ్ యాప్ వాడాను, పేరు చెప్పను. రెండు నెలలు బాగానే పనిచేసింది, తర్వాత ఒకరోజు ఇన్‌స్టా కనెక్షన్ తెగిపోయి పోస్టులు ఆగిపోయాయి, కానీ యాప్‌లో మాత్రం అన్నీ పోస్ట్ అయినట్టే చూపించింది, మెయిల్ లేదు నోటిఫికేషన్ లేదు. రెండు వారాల తర్వాత ఒక ఫ్రెండ్ "ఏంటి ఈమధ్య ఏం పెట్టట్లేదు, ఒంట్లో బాలేదా" అని అడిగితే గానీ నాకు తెలీలేదు. అప్పట్నుంచి ఏ షెడ్యూలర్ వాడినా ఒక అలవాటు పెట్టుకున్నా, పోస్ట్ పడాల్సిన రోజు అసలు యాప్ తెరిచి కళ్ళతో చూస్తా. ఇన్‌స్టా లాంటివాటిలో బయటి యాప్‌కి మనం ఇచ్చే అనుమతికి ఒక గడువు ఉంటుంది, పాస్‌వర్డ్ మార్చినా అది పోవచ్చు, అంచేత ఎప్పుడో ఒకసారి మళ్ళీ కనెక్ట్ చెయ్యాల్సొస్తుంది, ఏ షెడ్యూలర్‌కైనా ఇది తప్పదు.

సరే బఫర్ సంగతి. ఇది 2010లో మొదలైంది, అప్పట్లో ట్విట్టర్ పోస్టుల్ని వరసలో పెట్టి టైముకి పంపడమే దాని పని, ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, థ్రెడ్స్, బ్లూస్కై, మాస్టడాన్, పింటరెస్ట్ అన్నీ ఉన్నాయి. ఫ్రీ ప్లాన్‌లో ఇది రాసే నాటికి మూడు అకౌంట్లు కలుపుకోవచ్చు, ఒక్కోదానికి ఒకేసారి 10 పోస్టులు వరసలో పెట్టుకోవచ్చు. పది అంటే మొదట నాకూ తక్కువే అనిపించింది. కానీ లెక్కేసి చూడండి, వారానికి రెండు ఫొటోలు పెడితే నెలకి ఎనిమిదో తొమ్మిదో అవుతాయి, అంటే సరదాకి ఫొటోలు తీసేవాళ్ళకి నెల మొత్తానికి సరిపోతుంది. నెలకి తొమ్మిది మంచి ఫొటోలు రావడమే గగనం, నిజంగా మంచివి అంటే.

దీంట్లో నాకు బాగా నచ్చింది క్యూ పద్ధతి. ప్రతి పోస్టుకీ తేదీ, టైం విడిగా పెట్టక్కర్లేదు, ముందే మంగళవారం సాయంత్రం, శనివారం పొద్దున అని స్లాట్లు పెట్టేస్కుంటే మనం వేసిన ఫొటో తర్వాత ఖాళీగా ఉన్న స్లాట్‌లోకి వెళ్ళి కూర్చుంటుంది. మధ్యలో ఏదైనా ముందుకి జరపాలంటే లాగి పైన పెట్టడమే. చిన్న విషయంలా ఉంటుంది కానీ తేదీలు ఎంచుకోవడం అనే పని పోతే సగం విసుగు పోతుంది. వరసని చూస్తుంటే ఇంకో లాభం కూడా ఉంది, మూడు పిట్టలు పక్కపక్కన పడ్డాయా, అన్నీ సాయంత్రపు నారింజ రంగు ఫొటోలే వచ్చాయా అని ఒక్క చూపులో తెలుస్తుంది, అప్పుడు మధ్యలో ఒక వాన ఫొటోనో నలుపు తెలుపు ఫొటోనో ఇరికించొచ్చు.

ఇన్‌స్టా విషయంలో ఒక మెలిక ఉంది, కొత్తవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. మామూలు పర్సనల్ అకౌంట్ అయితే షెడ్యూలర్ దానంతటది పోస్ట్ చెయ్యలేదు, టైముకి ఫోన్‌కి నోటిఫికేషన్ పంపుతుంది, మనం తెరిచి పోస్ట్ చెయ్యాలి. దానంతటదే వెళ్ళాలంటే అకౌంట్‌ని ప్రొఫెషనల్‌కి మార్చాలి, అందులో క్రియేటర్, బిజినెస్ అని రెండు రకాలు, మనలాంటివాళ్ళకి క్రియేటర్ చాలు. మార్చడానికి డబ్బులేం కట్టక్కర్లేదు. అయితే ప్రొఫెషనల్ అకౌంట్ ప్రైవేట్‌గా ఉండడం కుదరదు, కాబట్టి ఇంట్లో పిల్లల ఫొటోలు కూడా అదే అకౌంట్‌లో ఉంటే మార్చే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఫొటోగ్రఫీకి వేరే అకౌంట్ తెరుచుకోవడమే నయం.

క్యాప్షన్ల సంగతి. బఫర్‌లో ఒకే చోట రాసి తర్వాత ఒక్కో నెట్‌వర్క్‌కి విడిగా మార్చుకోవచ్చు. బ్లూస్కైలో 300 అక్షరాలే, మాస్టడాన్‌లో మామూలుగా 500, ఇన్‌స్టాలో 2200 దాకా. నేను మొదట్లో ఇన్‌స్టాకి పొడుగ్గా రాసి తర్వాత కోస్తూ కూర్చునేదాన్ని, కోసినప్పుడల్లా ప్రాణం లేని ముక్క మిగిలేది. ఇప్పుడు తిరగేశా, ముందు 300 అక్షరాల్లో అసలు మాట రాసేస్తా, ఇన్‌స్టాకి దాని కింద ఆ పొద్దున ఏం జరిగిందో ఇంకో నాలుగు లైన్లు కలుపుతా. హ్యాష్‌ట్యాగులు ఇన్‌స్టాలో మూడో నాలుగో పెడతా, మాస్టడాన్‌లో మాత్రం శ్రద్ధగా పెడతా, ఎందుకంటే అక్కడ అల్గారిథం లేదు, మనల్ని ఫాలో అవ్వనివాళ్ళు మన ఫొటో చూడాలంటే ఎక్కువగా హ్యాష్‌ట్యాగ్ దారే.

ఇక ఫైల్ దగ్గర చేసే పని. నా ఆదివారాన్ని నిజంగా కాపాడింది ఇదే.

మొదటిది కొలతలు. చాలా కెమెరాల సెన్సర్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 3:2, అంటే నిలువు ఫొటో తీస్తే 2:3 వస్తుంది. ఇన్‌స్టా ఫీడ్‌లో ఏళ్ళ తరబడి 4:5 దాకానే ఒప్పుకునేవాళ్ళు, 2025లో 3:4 కూడా తెచ్చారు, అయినా మన 2:3 నిలువు ఫొటో ఆ రెంటికన్నా పొడుగే, అందుకే పైనో కిందో తెగుతుంది. నా లకుముకి తోక తెగింది అందుకే. దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఏంటంటే నిలువు ఫొటోల్ని 1080 బై 1350 తెల్ల కాన్వాస్ మీద పెడతా, ఫొటో 900 బై 1350 ఉంటుంది, రెండు పక్కలా 90 పిక్సెల్స్ తెలుపు మిగులుతుంది. ఫొటో మొత్తం కనపడుతుంది, ఎవరూ కొయ్యరు. తెల్ల అంచు నచ్చనివాళ్ళు ఉంటారు, వాళ్ళు 4:5కి స్వయంగా క్రాప్ చేస్కుంటే మంచిది, యాప్ చేతిలో మాత్రం పెట్టొద్దు. 2025 జనవరిలో ప్రొఫైల్ గ్రిడ్‌ని చదరం నుంచి నిలువుకి మార్చేశారు కదా, చదరం గ్రిడ్ కోసం తొమ్మిదేసి ఫొటోలు లెక్కగా పేర్చుకున్నవాళ్ళ పని ఒక్కరోజులో చెదిరిపోయింది, కాబట్టి గ్రిడ్ అందం కోసం ఫొటోని కొయ్యడం నేను మానేశా.

రెండోది రంగు. ఎడిటింగ్‌లో అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణం పెట్టుకుని అలాగే ఎక్స్‌పోర్ట్ చేస్తే కొన్నిచోట్ల రంగులు వెలిసినట్టు కనపడతాయి, పచ్చలు మరీ చప్పగా అయిపోతాయి. వెబ్‌కి ఎప్పుడూ ఎస్‌ఆర్‌జీబీ, జేపెగ్. ఎస్‌ఆర్‌జీబీ 1996లో వచ్చిన రంగుల ప్రమాణం, ఇప్పటికీ పాత ఫోన్ అయినా కొత్త ఫోన్ అయినా సరిగ్గా అర్థం చేస్కునేది అదే.

ఈ కొలత, రంగు, జేపెగ్ క్వాలిటీ అన్నీ కలిపి ఒక ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్‌గా, అంటే ప్రతిసారీ మళ్ళీ పెట్టక్కర్లేని సెట్టింగ్‌గా, దాచుకోవడమే. నేను ఫొటో ఎడిటింగ్‌కి డార్క్‌టేబుల్ అనే ప్రోగ్రాం వాడతా, ఉచితం, ఓపెన్ సోర్స్, అందులో రెండు ప్రీసెట్లు పెట్టుకున్నా, ఒకటి ఇన్‌స్టా కొలతకి, ఇంకోటి ఫ్లికర్, మాస్టడాన్, బ్లూస్కైలకి కొంచెం పెద్ద సైజులో. అడోబ్ వాళ్ళ ఎడిటింగ్ ప్రోగ్రాం లైట్‌రూమ్ క్లాసిక్ వాడేవాళ్ళకి ఇంకా సుఖం, 2019 నవంబర్‌లో వచ్చిన వెర్షన్ నుంచి ఒకే ఎక్స్‌పోర్ట్‌లో చాలా ప్రీసెట్లు టిక్ పెట్టొచ్చు, ఒక్క నొక్కుతో అన్ని ఫోల్డర్లూ నిండుతాయి. రెండింట్లోనూ లొకేషన్ సమాచారం తీసేసే ఆప్షన్ ఉంది, అది తప్పకుండా ఆన్‌లో పెట్టండి. ఇంటి దగ్గర తీసిన ఫొటోలకి ఎటూ అవసరం, గూళ్ళు కట్టుకున్న పిట్టల ఫొటోలకి ఇంకా అవసరం, ఒక గూడు ఎక్కడుందో పదిమందికి తెలిస్తే పదిమందీ కెమెరాలతో దిగుతారు, ఆ తల్లి పిట్ట గూడు వదిలేసి పోవచ్చు. కొన్ని సైట్లు పోస్ట్ చేశాక ఆ సమాచారం తీసేస్తాయి, కొన్ని తియ్యవు, కాబట్టి ఫైల్ బయటికి వెళ్ళకముందే మన చేతులతో తీసెయ్యడం మేలు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం, నేను అందరికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది. క్యాప్షన్‌ని ఫొటో ఫైల్ లోపలే రాసుకోవడం. వార్తాపత్రికల ఫొటోగ్రాఫర్లు 1990ల నుంచీ చేస్తున్న పనే ఇది, ఐపీటీసీ అంటారు, టైటిల్, వివరణ, కీవర్డ్స్, తీసినవాళ్ళ పేరు, కాపీరైట్ అన్నీ ఫైల్‌లోనే ఉండిపోతాయి. ఫొటో ఎడిట్ అవ్వగానే, ఆ పొద్దున ఇంకా మనసులో ఉండగానే, డార్క్‌టేబుల్‌లో టైటిల్ ఒక లైను, వివరణ రెండు మూడు లైన్లు రాసేస్తా. పాత పద్ధతిలో ఫొటో తీసిన మూడు వారాలకి పోస్ట్ చేస్తూ ఏం రాయాలా అని ఖాళీ బాక్స్ వంక చూస్తూ కూర్చునేదాన్ని, ఆ రోజు గాలి ఉందా లేదా, పిట్ట ఎంతసేపు కూర్చుంది ఏదీ గుర్తుండేది కాదు. ఇప్పుడు ఆ బాక్స్ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఫ్లికర్ అయితే అప్‌లోడ్ చెయ్యగానే ఫైల్‌లోంచి టైటిల్, వివరణ, ట్యాగులు దానంతటదే తీసుకుంటుంది, ఇరవై ఫొటోలు వేసినా ఒక్క అక్షరం టైప్ చెయ్యక్కర్లేదు, మొదటిసారి అది చూసినప్పుడు నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను.

నేను వాడి చూసిన షెడ్యూలర్లు ఏవీ ఈ ఫైల్‌లోని వివరణని చదవలేదు, ఇది పెద్ద లోటు. నేను చేసే ఉపాయం ఎగ్జిఫ్‌టూల్. 2003 నుంచీ ఉన్న ఉచిత ప్రోగ్రాం, బటన్లు ఉండవు, కమాండ్ టైప్ చెయ్యాలి, భయపడక్కర్లేదు, ఒక్క లైను కమాండ్‌తో ఫోల్డర్‌లోని ఫొటోలన్నిటి టైటిళ్ళు, వివరణలు ఎక్సెల్‌లో తెరుచుకునే ఒక సీఎస్‌వీ షీట్‌లోకి వచ్చేస్తాయి. ఆ షీట్ ఒక పక్క, బఫర్ ఒక పక్క తెరిచి పెట్టుకుని కాపీ పేస్ట్. తొమ్మిది ఫొటోలకి అరగంటలో అయిపోతుంది. అదే షీట్‌లో ఆల్ట్ టెక్స్ట్‌కి ఇంకో నిలువు వరస పెట్టుకున్నా.

ఆల్ట్ టెక్స్ట్ గురించి ఆగి చెప్పాలి. చూపు లేనివాళ్ళకి స్క్రీన్ రీడర్ చదివి వినిపించే వివరణ అది. బఫర్‌లో మాస్టడాన్, బ్లూస్కైలకి పోస్ట్ వేసేటప్పుడే ఇది రాయొచ్చు. మాస్టడాన్‌లో దీన్ని జనం చాలా పట్టించుకుంటారు, లేకపోతే షేర్ చెయ్యనివాళ్ళు ఉన్నారు. నేను మొదట్లో "లకుముకి పిట్ట" అని రెండు ముక్కలు రాసి వదిలేసేదాన్ని, ఒకసారి చూపు లేని ఒకావిడ మెసేజ్ పెట్టారు, "నీళ్ళు ఎలా ఉన్నాయమ్మా, చిమ్ముతున్నాయా, నిలకడగా ఉన్నాయా" అని. అది చదివాక నా ఫొటోని నేనే ఇంకోసారి చూశా. అప్పట్నుంచి వెలుగు ఎటువైపు నుంచి పడుతోంది, నీటి చుక్కలు ఎక్కడున్నాయి, వెనక ఏం రంగు, ఇవన్నీ రాస్తున్నా, షెడ్యూల్ చేసే రోజున ఎక్కువ టైం పట్టేది ఇదే, ఇందులో మాత్రం తగ్గించుకోవాలని లేదు.

ఒకే ఫొటో రెండుసార్లు పోస్ట్ చెయ్యకుండా డార్క్‌టేబుల్‌లో ఫొటోలకి రంగు గుర్తులు వాడుతున్నా. వివరణ రాసి సిద్ధం అయితే ఆకుపచ్చ, క్యూలోకి వెళ్ళాక ఊదా. నెలాఖరు ఆదివారం ఆకుపచ్చవి మాత్రమే చూపించు అంటే పని ఎంతుందో వెంటనే తెలిసిపోతుంది.

షెడ్యూలింగ్‌తో ఒక ప్రమాదం ఉంది, నాకు జరిగింది. ఒకరోజు పెద్ద ప్రమాదం జరిగి వార్తల్లో అదే, అందరూ బాధలో ఉన్నారు, సరిగ్గా సాయంత్రం ఆరింటికి నా అకౌంట్ నుంచి "ఎంత హాయిగా ఉందో ఈ సాయంత్రం" అని సూర్యాస్తమయం ఫొటో వెళ్ళిపోయింది. నేను ఆఫీసులో ఉన్నా, చూసేసరికి గంటయ్యింది. తీసేశా, కానీ ఆ గంటసేపు చూసినవాళ్ళకి నేనేమనిపించి ఉంటానో అని ఇప్పటికీ మనసుకి కష్టంగా ఉంటుంది. బఫర్‌లో ఒక్కో అకౌంట్ క్యూని ఆపేసే సౌకర్యం ఉంది, అది ఎక్కడుందో మొదటిరోజే వెతికి పెట్టుకోండి, ఫోన్ యాప్ కూడా వేస్కుని ఉంచుకోండి. క్యాప్షన్లలో "ఈ సాయంత్రం", "ఇవాళ" లాంటి మాటలు కూడా మానేశా, ఎప్పుడో తీసిన ఫొటోకి అవి ఎటూ నిజం కాదు.

ఇక కుదరనివి. ఫ్లికర్‌కి బఫర్ నుంచి పోస్ట్ చెయ్యలేం, అది విడిగా చేస్కోవాల్సిందే, ఫ్లికర్ ఉచిత అకౌంట్‌లో 1000 ఫొటోల హద్దు ఉందని కూడా గుర్తుపెట్టుకోండి. ఇన్‌స్టా యాప్‌లో 2024 నుంచి ఒక పోస్టులో 20 ఫొటోలు పెట్టొచ్చు, బయటి షెడ్యూలర్ల నుంచి 10 దాకానే. పాట పెట్టాలన్నా ఇన్‌స్టా యాప్‌లోకే వెళ్ళాలి. నాకు పాటలు పెట్టే అలవాటు లేదు కాబట్టి లోటు తెలీలేదు, రీల్స్ ఎక్కువ చేసేవాళ్ళకి మాత్రం ఇబ్బందే.

మీరు ఇన్‌స్టా ఒక్కటే వాడుతుంటే అసలు బఫర్ అక్కర్లేదు. 2022 నవంబర్ నుంచి ఇన్‌స్టా యాప్‌లోనే ప్రొఫెషనల్ అకౌంట్లకి షెడ్యూలింగ్ ఉంది, 75 రోజుల ముందు దాకా పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్ పేజీ కూడా ఉంటే రెండింటికీ షెడ్యూల్ చెయ్యడానికి మెటా బిజినెస్ సూట్ ఉచితమే. రెండు మూడు వేరువేరు చోట్ల పెట్టేవాళ్ళకే బఫర్ లాభం.

కామెంట్లకి జవాబులు మాత్రం నేను షెడ్యూల్ చెయ్యలేదు, ఏ యాప్‌కీ అప్పగించలేదు. మంగళ, శనివారాలు పోస్ట్ పడ్డాక ఓ ఇరవై నిమిషాలు కూర్చుని వచ్చిన ప్రతి కామెంట్‌కీ జవాబిస్తా, నేను ఫాలో అయ్యేవాళ్ళ ఫొటోలు చూసి నాకు అనిపించింది రాస్తా. ఇదివరకు పోస్ట్ చేసేసరికే ఓపిక అయిపోయేది, వీటికి టైం ఉండేది కాదు. ఇద్దరు ముగ్గురు మంచి ఫొటోగ్రాఫర్లు పరిచయం అయ్యింది ఈ ఏడాదిలోనే, ఒకాయన నా లకుముకి ఫొటో చూసి షట్టర్ స్పీడ్ ఇంకా పెంచితే రెక్క అంచు కూడా నిలిచేది అని చెప్పారు, 1/1600 సెకను నుంచి 1/3200 సెకనుకి వెళ్ళా, తేడా కళ్ళకి కట్టినట్టు కనపడింది.

నా మార్కులు ఐదుకి నాలుగు. ఫ్లికర్ లేనందుకు, ఫైల్‌లోని వివరణ చదవనందుకు ఒకటి తగ్గించా, ఆ రెండూ వస్తే ఐదుకి ఐదు ఇస్తా. మొదలుపెట్టేవాళ్ళు బఫర్‌లో అకౌంట్ తెరవడానికి ముందు రాబోయే పది ఫొటోలకి టైటిల్, వివరణ ఫైల్‌లో రాసి పెట్టుకోండి, ఎక్స్‌పోర్ట్ ప్రీసెట్లు రెండు తయారు చేస్కోండి, ఆ తర్వాత మొదటి క్యూ నింపడానికి గంట కూడా పట్టదు.